విశాఖ ఆకాశంలో విదేశీ డ్రోన్: నిషేధం దేని మీద?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే భీమిలి తీరంలో తెల్లవారుజాము సందడి వేరుగా ఉంటుంది. సూర్యుడు సముద్రంలోంచి పైకి రాకముందే కార్లు వచ్చి ఆగుతాయి. కుచ్చిళ్లు తడవకుండా పైకి పట్టుకున్న అమ్మాయి, బూట్లు చేత్తో పట్టుకుని ఇసుకలో నడుస్తున్న అబ్బాయి, వాళ్ల వెనకే కెమెరా బ్యాగులు మోస్తూ నలుగురు కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు అరచేతిలో ఇమిడే బూడిదరంగు డ్రోన్ బయటికి తీసి, మడిచి ఉన్న నాలుగు చేతులూ విప్పుతాడు. మోటార్లలోకి ఇసుక పోకుండా బ్యాగు మూత మీదే దాన్ని నిలబెడతాడు. రిమోట్‌కి తగిలించిన ఫోన్లో ఉపగ్రహాల లెక్క పెరిగేదాకా ఆగుతాడు. చుట్టూ ఒకసారి చూసి పైకి లేపుతాడు. ఆ చూపు గద్దల కోసమూ, గాలి కోసమూ అనుకోవచ్చు. పోలీసుల కోసం కూడా.

ఆ డ్రోన్ చైనాలోని షెన్‌జెన్‌లో తయారైనదే అయి ఉంటుంది. ప్రపంచంలో మామూలు జనం కొనే కెమెరా డ్రోన్లలో అత్యధిక భాగం 2006లో మొదలైన డీజేఐ అనే ఒక్క కంపెనీవే. అయితే 2022 ఫిబ్రవరి 9 నుంచి మన దేశంలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే, అదీ అనుమతులతోనే మినహాయింపు. ఇంత స్పష్టంగా నిషేధం ఉన్నా, విశాఖలో ఏ ఫొటో స్టూడియోకి వెళ్లి పెళ్లి ప్యాకేజీ అడిగినా ‘డ్రోన్ షాట్స్’ అనే మాట అందులో ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కనే ఎలా బతుకుతున్నాయో అర్థం కావాలంటే, నిషేధం అనే మాటను కాస్త విప్పి చూడాలి.

డ్రోన్ల మీద ప్రభుత్వాలు పెట్టే నిషేధాలు రెండు రకాలు. ఒకటి చోటును బట్టి: ఇక్కడ ఎగరేయకూడదు, ఎవరు తయారుచేసినదైనా సరే. రెండోది పుట్టుకను బట్టి: ఈ దేశంలో తయారైనది కొనకూడదు, తేకూడదు, ఎక్కడ ఎగరేసినా సరే. మొదటిది కాపలా. రెండోదాంట్లో కొంత కాపలా, కొంత వ్యాపారం కలిసి ఉంటాయి. విశాఖ లాంటి ఊరికి నిజంగా అక్కరకొచ్చేది మొదటిది. చర్చంతా జరిగేది మాత్రం రెండోదాని చుట్టూ. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటం వల్లే భద్రత సరిగ్గా కుదరడం లేదు, మామూలు వాడకందారుడికి దారీ దొరకడం లేదు.

మన దగ్గర కథ 2014లో మొదలైంది. ఆ ఏడాది అక్టోబర్ 7న పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఒక ప్రకటన ఇచ్చింది. నియమాలు తయారయ్యేదాకా ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు ఎవరూ డ్రోన్ ఎగరేయకూడదని దాని సారాంశం. సరిగ్గా అయిదు రోజులకు, అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి, విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. ఏ వీధిలో ఏం మిగిలిందో పైనుంచి చూడగలిగితే ఎంతో మేలు జరిగే రోజులవి. దాదాపు పదేళ్లకు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, అవే డ్రోన్లు మిద్దెల మీద చిక్కుకున్న వాళ్లకు అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు మోసుకెళ్లాయి. యంత్రాన్ని చూసి భయపడిన ప్రభుత్వాలే దాన్ని పనిలో పెట్టుకోవడానికి పట్టిన కాలం అది.

మధ్యలో చాలా జరిగింది. 2018 డిసెంబర్ నుంచి అనుమతితో ఎగరేయడానికి నియమాలు వచ్చాయి. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో బాంబులు వేశారు. ఆ వెంటనే కొచ్చి, ముంబై నౌకాదళ కమాండ్‌లు తమ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల మేర ఎవరూ డ్రోన్లు ఎగరేయకూడదని ప్రకటించాయి. అంత దాడి జరిగాక కేంద్రం ఇంకా బిగిస్తుందనుకున్నారు అందరూ. ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు మాత్రం పట్టు సడలించాయి. 25 ఫారాలు 5 అయ్యాయి, 72 రకాల ఫీజులు 4కి దిగాయి. ఇది సరైన నిర్ణయమే. దాడి చేసేవాడు ఫారం నింపడు. ఫారాలు పెంచితే ఇబ్బంది పడేది పొలం కొలిచేవాడు, పెళ్లి తీసేవాడు.

ఆరు నెలల తర్వాత దిగుమతి నిషేధం వచ్చింది. దేశంలో తయారయ్యే డ్రోన్లను ప్రోత్సహించడానికే అని ప్రభుత్వమే చెప్పింది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. గూఢచర్యం, డేటా, శత్రుదేశం లాంటి మాటలు కాదు అప్పుడు ముందుకు వచ్చినవి. మన పరిశ్రమ నిలదొక్కుకోవాలన్న మాట. అందులో తప్పేమీ లేదు, చాలా దేశాలు చాలా వస్తువుల విషయంలో చేసిన పనే. దానికి తోడుగా మూడేళ్లకు 120 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం అప్పటికే ప్రకటించారు. ఆ తర్వాత 15,000 మహిళా సంఘాలకు పురుగుమందు చల్లే డ్రోన్లు ఇచ్చే డ్రోన్ దీదీ పథకం 1,261 కోట్లతో వచ్చింది, ఖరీదులో 80 శాతం, 8 లక్షల దాకా రాయితీగా. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. మన రాష్ట్రం ఓర్వకల్లులో 300 ఎకరాలు డ్రోన్ పరిశ్రమకు కేటాయించింది. పొలం డ్రోన్లు, సర్వే డ్రోన్లలో ఈ అండ ఫలించింది, ఇవాళ అవి మన కంపెనీలవే దొరుకుతున్నాయి.

పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతిలో ఉండే చిన్న కెమెరా డ్రోన్ దగ్గరే లెక్క తేడా కొట్టింది. గాలికి ఊగినా బొమ్మ ఊగకుండా పట్టే గింబల్, అరగంట నిలిచే బ్యాటరీ, అయిదారు కిలోమీటర్ల దూరం నుంచి కూడా తెగని వీడియో, ఇవన్నీ పావుకిలో బరువులో, మధ్యతరగతి కుర్రాడు అప్పు చేసైనా కొనగలిగే ధరలో ఇవ్వడం ఏళ్ల తరబడి లక్షల సంఖ్యలో తయారుచేస్తే తప్ప వచ్చే పనితనం కాదు. మన దగ్గర ఆ ప్రయత్నాలు అక్కడక్కడా ఉన్నాయి గానీ ఆ ధరకి ఆ నాణ్యత ఇంకా రాలేదు. తలుపు మూశారు, లోపల ఆ సరుకు లేదు. అప్పుడు సరుకు దొడ్డిదారిన వస్తుంది. బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, పాడైతే ఏ సర్వీస్ సెంటరూ తీసుకోదు. విదేశం నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో తెస్తే, విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు ఆపేస్తారు. ఒక్కటి తెచ్చుకున్నా, బొమ్మ అని చెప్పినా, బరువు తక్కువని వాదించినా దిగుమతి నిషేధం దిగుమతి నిషేధమే.

బరువు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. భీమిలిలో ఎగిరే ఆ రకం డ్రోన్లలో 2019లో వచ్చిన మోడల్ ఒంటి మీదే 249 గ్రాములని అచ్చువేసి ఉంటుంది. చాలా దేశాల చట్టాలు 250 గ్రాముల దగ్గర గీత గీశాయి. మన నియమాల్లో కూడా 250 గ్రాముల లోపుది ‘నానో’, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అందుకే ఒక్క గ్రాము తక్కువ. జపాన్‌లో అప్పట్లో గీత 200 గ్రాముల దగ్గర ఉండేది. అక్కడ అదే మోడల్‌ని చిన్న బ్యాటరీ పెట్టి 199 గ్రాములకు దించి అమ్మారు. చట్టం ఏ అంకె దగ్గర నిలబడితే యంత్రం దానికి ఒక అంగుళం ఇవతల నిలబడుతుంది. కాబట్టి ఏ గీత గీసినా అది కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్నది ముందు చూసుకోవాలి. పుట్టిన దేశం అనే గీతకూ ఇదే వర్తిస్తుంది.

ఎందుకంటే నిషేధం ఉన్నది పూర్తి డ్రోన్ మీద. పూర్తిగా బిగించి తెచ్చినా, సగం విప్పి తెచ్చినా, మొత్తం ముక్కలుగా కిట్ కట్టి తెచ్చినా కుదరదు. విడిభాగాలకు మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. ఒక డ్రోన్ విప్పి బల్ల మీద పరిస్తే ఏముంటాయి? నాలుగు మోటార్లు, వాటిలో నియోడిమియం అయస్కాంతాలు. ఒక్కో మోటారు వేగం సరిచేసే చిన్న బోర్డులు. మధ్యలో మెదడు లాంటి ఫ్లైట్ కంట్రోలర్. జీపీఎస్ చిప్, రేడియో, కెమెరా, లిథియం బ్యాటరీ. మీద ప్లాస్టిక్ తొడుగు. ఈ బల్ల మీద కళ్లు మూసుకుని ఏది పట్టుకున్నా చైనా ముద్ర తగిలే అవకాశమే ఎక్కువ. తొడుగు మీద మాత్రం మన ఊరి పేరు రాసుకోవచ్చు.

ఇది సైన్యానికే ఎదురైంది. సరిహద్దులో సామాన్లు మోసే 400 డ్రోన్ల కోసం మన కంపెనీలతో చేసుకున్న ఒప్పందాలను, వాటిలో చైనా భాగాలున్నాయన్న కారణంతో 2025 ఫిబ్రవరిలో రద్దు చేసినట్టు వార్తలు వచ్చాయి. భద్రత కోణంలో అసలు ప్రశ్న ఫ్లైట్ కంట్రోలర్‌లో ఎవరి కోడ్ ఉంది, రేడియో ఎవరితో మాట్లాడుతుంది, ఎగిరిన చిట్టా ఏ సర్వర్‌కి చేరుతుంది అన్నదే. ఆ ప్రశ్నకి దిగుమతి నోటిఫికేషన్‌లో జవాబు లేదు. అవతలివైపు నుంచి కూడా తాడు లాగుతున్నారు. చైనా 2023 సెప్టెంబర్ నుంచి కొన్ని రకాల డ్రోన్లు, వాటి పరికరాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో కొన్ని అరుదైన ఖనిజాలు, అయస్కాంతాల మీద కూడా పెట్టింది. మనం తలుపు వేసుకున్నామని అనుకుంటున్న ఇంటికి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది.

అమెరికా దారి వేరు. అక్కడ మొదటి నుంచీ చెప్పిన కారణం భద్రతే. 2017లో సైన్యం డీజేఐ డ్రోన్ల వాడకం ఆపమంది. 2020 డిసెంబర్‌లో వాణిజ్య శాఖ ఆ కంపెనీని ఆంక్షల జాబితాలో వేసింది. 2022లో పెంటగాన్ దాన్ని చైనా సైన్యంతో సంబంధమున్న కంపెనీల జాబితాలో చేర్చింది. కంపెనీ కోర్టుకి వెళ్లి 2025 సెప్టెంబర్‌లో ఓడిపోయింది. చివరికి 2025 డిసెంబర్ 22న, రేడియో పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌సీసీ అనే కమిషన్ ద్వారా అసలు తాళం పడింది. రేడియో లేకుండా డ్రోన్ లేదు, కమిషన్ ఆమోదం లేకుండా రేడియో పరికరం అమ్మడానికి లేదు. కాబట్టి కొత్త మోడళ్లకు దారి మూసుకుపోయింది. ఇదివరకే ఆమోదం పొందినవి అమ్ముకోవచ్చు, ఇప్పటికే కొన్నవాళ్లు ఎగరేసుకోవచ్చు.

తెలుగువాళ్లు ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అందరూ చైనా మీద నిషేధం అనుకున్నారు. తీరా వచ్చింది విదేశీ డ్రోన్లన్నిటి మీద, వాటి కీలక భాగాల మీద కూడా. అంటే రేపు ఓర్వకల్లులో తయారయ్యే డ్రోన్ కూడా అమెరికా దృష్టిలో ‘విదేశీ’నే, అక్కడి రక్షణ శాఖో హోంలాండ్ సెక్యూరిటీ శాఖో మినహాయింపు ఇస్తే తప్ప. మనం మన పరిశ్రమ కోసం గీసిన గీతనే వాళ్లూ గీశారు. భద్రత పేరుతో మొదలైనది చివరికి సొంత పరిశ్రమ దగ్గరికి వచ్చింది. ఎగుమతుల మీద ఆశ పెట్టుకున్న మన కంపెనీలు ఈ దెబ్బని లెక్కలో వేసుకోక తప్పదు.

ఇంతకీ ఆ భద్రత భయంలో నిజమెంత? చైనా 2017లో చేసిన జాతీయ నిఘా చట్టం ప్రకారం అక్కడి సంస్థలు నిఘా పనికి సహకరించాలి. కంపెనీ ఎంత కాదన్నా ఈ చట్టం ఉన్నంతకాలం అనుమానం పోదు. అయితే మామూలు జనం డ్రోన్ల నుంచి డేటా చైనా ప్రభుత్వానికి చేరిందని జనం ముందు పెట్టిన గట్టి సాక్ష్యం లేదు. అనుమానానికి ఆధారముంది, నేరానికి రుజువు లేదు. ఇలాంటప్పుడు సైన్యం, పోలీసు, ఓడరేవు, రిఫైనరీ లాంటి చోట్ల అలాంటి డ్రోన్ వాడకూడదనడం సబబు. ఫ్లోరిడా రాష్ట్రం 2023లో చేసింది కూడా ఇదే, ప్రభుత్వ విభాగాల వరకే నిషేధం. దీన్ని పెళ్లి షూట్ దాకా లాగాల్సిన పని లేదు.

విశాఖ సంగతికి వస్తే, కాపలా అవసరం మీద రెండో మాట లేదు. తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడే ఉంది. దేశంలో తయారైన మొదటి అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న ఇక్కడే నీళ్లలోకి దిగింది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ రేవు ముందు మునిగిన కథ ఇక్కడి పిల్లలకి కూడా తెలుసు. హిందుస్థాన్ షిప్‌యార్డ్, ఓడరేవు, రిఫైనరీ, స్టీల్ ప్లాంట్ అన్నీ ఒకదాని పక్కన ఒకటి. ఇలాంటి ఊళ్లో ఎవడో సరదాకి యారాడ కొండ మీంచి లేపిన కెమెరా ఎటు తిరుగుతుందో అన్న టెన్షన్ నౌకాదళానికి ఉండి తీరుతుంది.

కానీ ఈ ఊళ్లో రహస్యాలు నిజంగా బయటికి పోయిన సందర్భం గుర్తు తెచ్చుకోండి. 2019 డిసెంబర్‌లో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో మన రాష్ట్ర నిఘా పోలీసులు బయటపెట్టిన కేసులో నౌకాదళ సిబ్బంది ఏడుగురు అరెస్టయ్యారు. ఫేస్‌బుక్‌లో ఆడపేరుతో పరిచయమైన వాళ్ల వలలో పడి ఓడల కదలికలు చెప్పారన్నది ఆరోపణ. అక్కడ డ్రోన్ లేదు. చేతిలో ఫోన్ ఉంది. అప్పుడు నౌకాదళం ఏం చేసింది? ఫలానా దేశం ఫోన్ వాడొద్దని చెప్పలేదు. స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోనే వద్దంది, ఫేస్‌బుక్ వద్దంది. ఏ బ్రాండ్ అని చూడలేదు, ఏ చోటు అని చూసింది. డ్రోన్ల విషయంలో కూడా ఈ ఊరికి కావాల్సిన పద్ధతి అదే.

ఆ పద్ధతి కాగితం మీద ఇప్పటికే ఉంది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపు రెడ్ జోన్. 5 నుంచి 8 దాకా నేల నుంచే ఎల్లో, అంటే విమానాల రాకపోకలు చూసే అధికారుల అనుమతి కావాల్సిన చోటు. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల దాకా గ్రీన్, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేదు; ఆపైన ఎల్లో. మిగతా చోట్ల, వేరే ఆంక్షలు లేకపోతే, 400 అడుగుల దాకా గ్రీన్. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వాళ్ల ఐఎన్ఎస్ డేగాలోనే ఉంది కాబట్టి గోపాలపట్నం, ఎన్ఏడీ, గాజువాక అన్నీ మొదటి వలయంలోకే వస్తాయి. అక్కడ ఇంటి డాబా మీంచి గృహప్రవేశం తీయాలన్నా కేంద్రం అనుమతి కావాలి. ప్రధాని వచ్చినప్పుడు, నౌకాదళ దినోత్సవం లాంటి రోజుల్లో పోలీసులు పెట్టే తాత్కాలిక ఆంక్షలు దీనికి అదనం.

ఇన్నాళ్లూ ఈ వలయాలను డ్రోన్ల దగ్గర అమలు చేసింది ఎవరు? చాలావరకు ఆ చైనా కంపెనీ సాఫ్ట్‌వేరే. విమానాశ్రయం దగ్గర ఆన్ చేస్తే మ్యాప్‌లో ఎర్ర వలయం చూపించి, మోటారు తిరగనిచ్చేది కాదు. మన స్థావరాల కాపలాకి ఉన్న కంచె వేరే దేశం కంపెనీ వేసిన కంచె. 2025 జనవరిలో అమెరికాలో ఆ కంపెనీ దాన్ని తీసేసి, హెచ్చరిక మాత్రమే చూపిస్తోంది, ఎగరడం ఎగరకపోవడం నీ బాధ్యత అంటోంది. నిర్ణయం కంపెనీది, ఏ ప్రభుత్వమూ తీసుకున్నది కాదు. అనుమతి లేకుండా పైకి లేవనివ్వని సాంకేతికత గురించి మన ప్రభుత్వం 2018 నుంచి చెబుతూనే ఉంది. అది జనం చేతుల్లోని డ్రోన్లలోకి రాలేదు. వాటిలో చాలావాటిని నమోదు చేసుకునే వీలు కూడా లేకపోవడం అందుకు పెద్ద అడ్డంకి.

ఇక్కడే నిషేధం తనకు తానే అడ్డుపడుతోంది. 2021 నవంబర్ 30 లోపు దేశంలో ఉన్న డ్రోన్లకు నమోదుకి అవకాశం ఇచ్చారు గానీ జీఎస్టీ కట్టిన బిల్లు అడిగారు. అది ఎందరి దగ్గర ఉంటుంది? ఆ తర్వాత వచ్చినవాటికి అసలు దారే లేదు. నంబరు లేని డ్రోన్ ఎవరిదో పోలీసులకి తెలియదు. యజమాని ముందుకొచ్చి ఇది నాది అంటే ఉన్నదీ పోతుంది. కాబట్టి రాడు. నౌకాదళానికి ఎక్కువ అపాయం చేసేది ఏ డ్రోన్? పేరు, ఫోన్ నంబరు, ఆధార్‌తో నమోదైన చైనా డ్రోనా, విడిభాగాలు తెచ్చి గదిలో బిగించుకున్న, ఏ నంబరూ ఏ కంచె సాఫ్ట్‌వేరూ లేని డ్రోనా? 2025 జూన్‌లో ఉక్రెయిన్ లారీల్లో దాచి తీసుకెళ్లిన చిన్న డ్రోన్లతో రష్యా వైమానిక స్థావరాలను కొట్టింది. అలాంటి దాడి దిగుమతి నిషేధంతో ఆగదు. జామర్లు, రాడార్లు, కాపలా మనుషులు ఆపాలి.

కాబట్టి ఒకసారికి, గడువు పెట్టి, బిల్లు అడగకుండా దేశంలో ఉన్న డ్రోన్లన్నిటినీ నమోదు చేయించడం విశాఖకి దిగుమతి నోటిఫికేషన్ కన్నా ఎక్కువ కాపలా ఇస్తుంది. దిగుమతి నిషేధం పరిశ్రమ కోసమే అయితే అలాగే ఉంచవచ్చు, కానీ ఫ్లైట్ కంట్రోలర్, రేడియో లాంటి కీలక భాగాలు ఇక్కడ తయారయ్యేలా డబ్బు అటు పెట్టాలి. మూడేళ్లకు 120 కోట్లు చిప్పుల పనికి చాలదు.

ఈలోగా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం సిద్ధమవుతోంది. పౌర విమానాలు అటు వెళ్లినా డేగా నౌకాదళ విమాన స్థావరంగా ఉంటుంది, కాబట్టి ఇక్కడి వలయాలు చెరగవు. కొత్త వలయాలు భోగాపురం నుంచి భీమిలి వైపు దిగుతాయి. పెళ్లి జంటని నీళ్ల అంచున నిలబెట్టి డ్రోన్ లేపే ఆ కుర్రాడికి అప్పుడు చూసుకోవాల్సిన మ్యాప్ మారిపోతుంది. అది తెలుగులో, ఫోన్లో, వీధి పేర్లతో సహా అతనికి అందేలా చేయడం ఇవాళే మొదలుపెట్టదగిన పని.